ఆల్బర్ట్ హోవార్డ్

సర్ ఆల్బర్ట్ హోవార్డ్ (డిసెంబర్ 8, 1873 - అక్టోబర్ 20, 1947) ఆంగ్లేయ వృక్షశాస్త్రవేత్త. వ్యర్థ పదార్థాలనుండి కంపోస్టు ఎరువు తయారుచేసే ఇండోర్ పద్ధతిని రూపొందించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. ఆధునిక సేంద్రియ వ్యవసాయానికి ఆద్యులలో ఒకడిగా ఈయనను పరిగణిస్తారు. ఈయన పరిశోధనా జీవితంలో అధిక భాగం భారతదేశంలోనే గడిచింది.

బాల్యం, విద్యాభ్యాసం

హోవార్డ్ ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ ప్రాంతానికి చెందిన బిషప్స్ కాజిల్‌లో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లోను, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలోను విద్యనభ్యసించాడు. 1899 నుండి 1902 వరకు వెస్టిండీస్‌లో శిలీంధ్ర శాస్త్రవేత్తగా పనిచేశాడు. చెరకు తెగుళ్ళను ప్రయోగశాలలో పరిశీలించడమే తప్ప, తన సలహాలను సొంత పొలంలో పరీక్షించుకొనే అవకాశం అక్కడ లేకపోవడం ఈయనకు పెద్ద లోపంగా తోచింది. తరువాత ఇంగ్లాండులోని వై వ్యవసాయ కళాశాలలో కొంతకాలం పనిచేశాడు.

భారతదేశంలో

1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఆర్థిక వృక్షశాస్త్రవేత్తగా చేరాడు. అదే సంవత్సరం వృక్షశాస్త్రవేత్త అయిన గాబ్రియెల్ మథాయిని వివాహమాడాడు. దంపతులిద్దరూ కలిసి చేసిన కృషి ఫలితంగా పూసా 4, పూసా 12 వంటి మేలురకం గోధుమ వంగడాలు వెలువడ్డాయి.

రైతులకు బోధించడానికి వచ్చిన హోవార్డ్, ముందుగా తానే వారివద్ద నేర్చుకోవాలని నిర్ణయించుకొన్నాడు. చుట్టుపక్కల గ్రామాల రైతులు పురుగుమందులు లేకుండానే ఆరోగ్యకరమైన పంటలు పండించడం గమనించి, వారి పద్ధతులను అధ్యయనం చేశాడు. తెగులును ఆయన శత్రువుగా గాక, సాగులోని తప్పును చూపే గుర్తుగా భావించాడు. నేల ఆరోగ్యంగా ఉంటే మొక్క, పశువు, మనిషి కూడా ఆరోగ్యంగా ఉంటారన్న నిర్ణయానికి వచ్చాడు.

ఇండోర్ పద్ధతి

1924లో ఇండోర్‌లో స్థాపితమైన మొక్కల పరిశోధనా సంస్థకు హోవార్డ్ సంచాలకుడయ్యాడు. అక్కడ యశ్వంత్ వాడ్ అనే రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి కంపోస్టుపై ప్రయోగాలు జరిపాడు. పేడలో ఎక్కువ భాగం పిడకల రూపంలో పొయ్యిలోకి పోవడంవల్ల పొలాలకు ఎరువు చాలకపోవడమే ఈ ప్రయోగాలకు ముఖ్య కారణం. చైనా, జపాను రైతులు వ్యర్థాలను తిరిగి నేలకు చేర్చే విధానాన్ని వర్ణిస్తూ ఎఫ్.హెచ్. కింగ్ రాసిన గ్రంథం కూడా ఈయనను ప్రభావితం చేసింది.

ఈ పద్ధతిలో మూడు వంతుల మొక్కల వ్యర్థాలకు ఒక వంతు పశువుల వ్యర్థాలను కలిపి, మూత్రంతో తడిసిన మట్టిని, కట్టెల బూడిదను చేర్చి, లోతు తక్కువ గుంటలలో పొరలుగా పేరుస్తారు. కుప్ప లోపలి వేడి సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వరకు చేరుతుంది. గాలి, తేమ అందేలా మూడుసార్లు తిరగవేస్తే మూడు నెలలలో ఎరువు సిద్ధమవుతుంది. పత్తికట్టె, కందికట్టె వంటి గట్టి వ్యర్థాలను దారిపై పరచి, బండ్ల చక్రాలకింద నలిగిన తరువాత వాడేవారు. కందిపంటకు పేరుపొంది, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు పండే వికారాబాదు జిల్లా వంటి ప్రాంతాలకు ఈ అంశం ఉపయోగకరమైనది.

చెత్త కాగితానికి అన్వయం

ఇండోర్ పద్ధతి వెనుకనున్న సూత్రమే ఇంటివద్ద చెత్త కాగితాన్ని ఎరువుగా మార్చడానికీ ఆధారం. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు కర్బనం, నత్రజని తగు పాళ్ళలో అందాలి. ఒక వంతు నత్రజనికి 25 నుండి 30 వంతుల కర్బనం అనుకూలం. వార్తాపత్రికల కాగితంలో ఈ కర్బనం 150 వంతులకు పైగా ఉంటుంది. అందువల్ల ఒంటరిగా వేసిన కాగితం అట్టకట్టి, నెలల తరబడి కుళ్ళకుండా ఉండిపోతుంది. దానిని చించి, నీటిలో నానబెట్టి, అంతకు రెట్టింపు కూరగాయల తొక్కలు, పచ్చి ఆకులు లేదా పేడతో కలిపి, అప్పుడప్పుడు తిరగవేయాలి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితాన్ని, దుకాణాలలో యంత్రం ఇచ్చే నున్నని రసీదులను వాడరాదు.

రచనలు, గౌరవాలు

వాడ్‌తో కలిసి రాసిన ది వేస్ట్ ప్రొడక్ట్స్ ఆఫ్ అగ్రికల్చర్ 1931లో, యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్ 1940లో వెలువడ్డాయి. 1934లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది. మహాత్మా గాంధీ 1935లో తన హరిజన్ పత్రికద్వారా ఇండోర్ పద్ధతిని పాఠకులకు పరిచయం చేశాడు. అమెరికాలో జె.ఐ. రోడేల్, ఇంగ్లాండులో ఈవ్ బాల్ఫోర్ ఈయన భావాలను ప్రచారం చేశారు.

విమర్శలు

రసాయన ఎరువులవల్ల నేల, మానవుల ఆరోగ్యం దెబ్బతింటాయన్న హోవార్డ్ వాదనకు నియంత్రిత ప్రయోగాల ఆధారం చాలదని సమకాలీన శాస్త్రవేత్తలు పలువురు విమర్శించారు. కంపోస్టు తయారీకి శ్రమ ఎక్కువన్న అభ్యంతరం కూడా ఉన్నది. తరతరాలుగా భారతీయ రైతులు ఆచరించిన జ్ఞానానికి, గాబ్రియెల్, వాడ్‌ల కృషికి తగిన గుర్తింపు రాలేదని తరువాతి పరిశీలకులు కొందరు అభిప్రాయపడ్డారు. అయితే తాను రైతులవద్ద నేర్చుకొన్న సంగతిని హోవార్డ్ తన రచనలలో దాచలేదు.

చివరి రోజులు

గాబ్రియెల్ 1930లో మరణించింది. మరుసటి సంవత్సరం హోవార్డ్ ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లాండుకు తిరిగివెళ్ళి, ఆమె చెల్లెలు లూయిస్‌ను వివాహమాడాడు. 1947 అక్టోబర్ 20న లండన్‌లోని బ్లాక్‌హీత్‌లో మరణించాడు. భారతదేశంలో ఈయన చేసిన కృషిని వివరిస్తూ లూయిస్ రాసిన గ్రంథం 1953లో ప్రచురితమైంది.