ఇందిరమ్మను బహిష్కరించిన పెద్దమనిషి: కీ.శే. కాసు బ్రహ్మానందరెడ్డి

మన సంఘం ప్రత్యేక సంచికలో పాతతరం నాయకుల జీవితాలు వేయాలని కార్యవర్గం వారు నిర్ణయించినప్పుడు, ప్రకాశం పంతులుగారిని ఒకరు, బూర్గుల వారిని ఒకరు, పి.వి.గారిని ఇద్దరు తీసుకున్నారు. కాసు బ్రహ్మానందరెడ్డిగారిని ఎవరూ అడగలేదు. అందులో వింతేమీ లేదు. తెలంగాణ మిత్రులకు ఆయన 1969 కాల్పుల నాటి ముఖ్యమంత్రి. విశాఖ వైపు మిత్రులకు 1966 ఉక్కు ఉద్యమం నాటి ముఖ్యమంత్రి. కాంగ్రెసు అభిమానులకు ఇందిరాగాంధీని పార్టీ నుండి వెళ్ళగొట్టిన వాడు. ఇందిరాగాంధీ అంటే గిట్టని వారికేమో, చివరికి మళ్ళీ ఆమె పంచనే చేరిన వాడు. ఇన్ని వైపుల నుండీ కోపం సంపాదించిన మనిషి గురించి వ్రాయడానికి నేను ఒప్పుకున్నాను. నేను అమీర్‌పేట వాడిని. 1963లో సెక్రటేరియట్‌లో ఎల్.డి.సి.గా చేరాను. ఆయన హయాంలో పనిచేశాను, ఆయన ప్రభుత్వం మీద సమ్మె చేశాను, ఆయన మూలంగా మా ఇంట్లో జరిగిన వాదాలు విన్నాను.

ఆయన 1909 జూలై 28న గుంటూరు జిల్లా నరసరావుపేట ప్రాంతంలో రైతు కుటుంబంలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలోనే కాంగ్రెసులో చేరి, జిల్లా బోర్డు రాజకీయాలలో ఆరితేరి, 1946లో మద్రాసు శాసనసభకు వెళ్ళారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత సంజీవరెడ్డిగారి మంత్రివర్గంలోనూ, సంజీవయ్యగారి మంత్రివర్గంలోనూ పనిచేశారు. గొప్ప ఉపన్యాసకుడు కాదు. జనాన్ని ఉర్రూతలూగించే రకం అసలే కాదు. ఏ తాలూకాలో ఎవరు ఎవరికి చుట్టం, ఎవరికి ఎవరంటే పడదు అన్నది తెలిసిన మనిషి. పార్టీ అంటే ఆయనకు సభ్యత్వ పుస్తకాలు, కమిటీలు, తీర్మానాలు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆయన గెలుపూ ఓటమీ రెండూ అందులోనే ఉన్నాయి.

కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల మీద సంజీవరెడ్డిగారు రాజీనామా చేయగా, 1964 ఫిబ్రవరి 29న బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. నాలుగేళ్ళకొకసారి వచ్చే తేదీన ప్రమాణం చేశాడు, ఎన్నాళ్ళుంటాడో అని ఆఫీసులో హాస్యమాడుకునే వాళ్ళం. ఏడున్నర ఏళ్ళున్నారు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆయన హయాంలో వచ్చింది. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చింది. ఇంగ్లీషులో నోటు వ్రాయడం అప్పుడే కాస్త అలవాటవుతున్న మాకు, ఇక తెలుగులో వ్రాయాలంటే చెమటలు పట్టాయి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. అంతకు ముందటి ఏడు నవంబరులో విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం నినదించిన వారి మీద తుపాకులు పేలాయి.

ఇక 1969. మన సంఘంలో ఆ ఏడాది మరచిపోయిన వారు ఒక్కరూ ఉండరు. జనవరి 21న జీ.ఓ. 36 వచ్చింది. తెలంగాణ స్థానికులకు చెందవలసిన ఉద్యోగాలలో ఉన్న స్థానికేతరులను ఫిబ్రవరి 28 లోగా వెనక్కు పంపాలని దాని సారాంశం. జీ.ఓ. వచ్చింది కానీ మంట ఆరలేదు. మార్చిలో సుప్రీంకోర్టు స్థానిక నివాస నిబంధన చట్టం చెల్లదన్నది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, జూన్‌లో ఎన్.జి.ఓ.లు సమ్మెకు దిగారు. ఆ సమ్మెలో నేనూ ఉన్నాను. ఆ ఉద్యమంలో 369 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమకారుల లెక్క. మర్రి చెన్నారెడ్డిగారు తెలంగాణ ప్రజాసమితికి నాయకుడయ్యారు. మా పేటలో బ్రహ్మానందరెడ్డి పేరు ఎత్తితే పళ్ళు కొరికేవారు.

మా నాన్నగారు బడిపంతులు. ఉర్దూలో చదువుకున్నవారు, పొద్దున్నే సియాసత్ పత్రిక చదివేవారు, ఒంటి మీద ఎప్పుడూ ఖద్దరే. 1952లో మొదటి ఎన్నికల నుండి ఆయన వోటు జోడెద్దుల గుర్తుకే. ముఖ్యమంత్రి మీద కోపం ఆయనకూ తక్కువ లేదు. అయినా 1971 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో మా గల్లీ అంతా ప్రజాసమితి వైపు నిలిస్తే, ఆయన మాత్రం వెళ్ళి ఆవు-దూడ మీద ముద్ర వేసి వచ్చారు. ముఖ్యమంత్రి వేరు, కాంగ్రెసు వేరు అన్నది ఆయన వాదన. ప్రజాసమితి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. ఆ దెబ్బతో ఢిల్లీ ఆలోచన మారింది. సెప్టెంబరులో ప్రజాసమితి కాంగ్రెసులో కలిసిపోయింది, బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, పి.వి.గారు ఎక్కారు. దింపింది ఇందిరాగాంధీయే. 1969లో కాంగ్రెసు చీలినప్పుడు, రాయలసీమ పెద్ద సంజీవరెడ్డిగారు అవతలి పక్షంలో ఉన్నా, తాను ఆమె పక్షం నిలబడినందుకు ఆయనకు దక్కిన ఫలం అది. ఒక్క మాట పైకి అన్నట్టు నేను వినలేదు.

1974లో ఆమే ఆయనను ఢిల్లీకి పిలిపించి కేంద్రమంత్రిని చేశారు. ఆ ఏడాదే హోంశాఖ ఇచ్చారు. పేరుకు హోంమంత్రి, పెత్తనం సహాయమంత్రి ఓం మెహతాది అని ఢిల్లీ వెళ్ళివచ్చిన అధికారులు చెప్పుకునేవారు.

1975 జూన్ 25 రాత్రి సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఎమర్జెన్సీ విధించాలన్న నిర్ణయం మంత్రివర్గం ముందుకు రాలేదు. మంత్రులకు తెలిసింది మర్నాడు తెల్లవారుజామున సమావేశంలోనే. హోంమంత్రిని మాత్రం రాత్రి పొద్దుపోయాక ప్రధాని ఇంటికి పిలిపించారు. దేశంలో శాంతిభద్రతలు చెడిపోయాయి, ఆంతరంగిక అత్యవసర పరిస్థితి పెట్టక తప్పదని చెప్పారు. 1971 బంగ్లాదేశ్ యుద్ధం నాడు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా అమలులోనే ఉంది కదా, దాని కింద ఉన్న అధికారాలు చాలవా అన్న సందేహం ఆయన వెలిబుచ్చారట. అది కూడా ఆలోచించామని జవాబు వచ్చింది. ఇక మీకు మంచిదని తోచినట్టు చేయండని ఆయన తగ్గారు. రాష్ట్రపతికి పంపే కాగితం మీద సంతకం చేశారు. ఈ సంగతులు తరువాత షా కమిషను ముందు ఆయన చెప్పినవే.

నలభై ఏళ్ళకు దగ్గరగా ఫైళ్ళు చూసిన వాళ్ళం మనం. పై అధికారి కోరిన నోటు మీద, మనసులో సందేహం ఉండి కూడా సంతకం పెట్టడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ ఆయన సెక్షను గుమస్తా కాదు, దేశానికి హోంమంత్రి. అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. చట్టం తెలిసిన లాయరు అడిగే ప్రశ్న. దానికి సరైన జవాబు రాలేదని తెలిసీ చేయి కదిపారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటె బరువుగా తోచే ఘట్టం ఇదే, 1969 కంటె కూడా.

1977 మార్చిలో దేశమంతటా కాంగ్రెసు ఓడింది, రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీయే ఓడారు. మన రాష్ట్రం మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా తరఫున సంజీవరెడ్డిగారు గెలిచారు. బ్రహ్మానందరెడ్డి నరసరావుపేట నుండి లోక్‌సభకు వెళ్ళారు. మే నెలలో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీ జరిగితే సిద్ధార్థ శంకర్ రే మీద నెగ్గారు. అప్పుడు ఇందిరాగాంధీ మద్దతు ఆయనకే. మెత్తని మనిషి, చెప్పినట్టు వింటాడని ఆమె వర్గం అనుకుని ఉండవచ్చు.

అలా జరగలేదు. అక్టోబరులో ఆమె అరెస్టయి విడుదలైన తరువాత, పార్టీ పగ్గాలు మళ్ళీ ఆమెకే ఇవ్వాలని ఆమె వర్గం పట్టుబట్టింది. బ్రహ్మానందరెడ్డి, వై.బి. చవాన్ ఒప్పుకోలేదు. డిసెంబరులో ఆమె వర్కింగ్ కమిటీకి రాజీనామా చేశారు. 1978 జనవరి మొదటి రోజుల్లో ఢిల్లీలో ఆమె అనుచరులు వేరుగా మహాసభ పెట్టి ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. క్రమశిక్షణ తప్పారని బ్రహ్మానందరెడ్డి ఆమెను పార్టీ నుండి బహిష్కరించారు. నెహ్రూ కూతురిని కాంగ్రెసు నుండి నరసరావుపేట రైతుబిడ్డ వెళ్ళగొట్టాడన్న వార్త విని ఇరానీ హోటళ్ళలో చాయ్ చల్లారిపోయింది. ఆనాటి నుండి రెండు కాంగ్రెసులు: ఒకటి రెడ్డి కాంగ్రెసు, ఒకటి ఇందిరా కాంగ్రెసు.

మరుసటి నెలలోనే అసెంబ్లీ ఎన్నికలు. మా ఇంట్లో అసలు పరీక్ష అప్పుడు వచ్చింది. 1969లో మా పేట అంతా కొలిచిన చెన్నారెడ్డిగారు ఇందిరా కాంగ్రెసుకు నాయకుడు. అదే పేట తిట్టిపోసిన బ్రహ్మానందరెడ్డి, ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారితో సహా అవతల. మా నాన్నగారు ఎటు వెళతారో ఎవరికీ సందేహం లేదు. కానీ ఆయన రెడ్డి కాంగ్రెసుకు వేస్తానన్నారు.

మేమంతా నిర్ఘాంతపోయాం. ఎమర్జెన్సీ అత్యాచారాల గురించి ఆయన పెద్దగా మాట్లాడలేదు, అవి మా వైపు అంతగా తెలియనూ లేదు. ఆయన పట్టుకున్నది ఒకే ఒక్క అంశం. ఎనిమిది నెలల క్రితం ఎ.ఐ.సి.సి. అధ్యక్షుణ్ణి ఎన్నుకుంది. ఆ ఎన్నికకు ఇందిరాగాంధీ తానే మద్దతిచ్చింది. ఇప్పుడు అతను మాట వినడం లేదని వేరే సభ పెట్టుకుని తనను తాను అధ్యక్షురాలిని చేసుకుంటే, కాంగ్రెసు ఎవరిదైనట్టు? తాను పార్టీ మారలేదనీ, ఆమే మారిందనీ వాదించారు. బ్రహ్మానందరెడ్డి మీద కోపం పోయిందా అని అడిగితే, పోలేదన్నారు. కోపం ఉంచుకునే ఆయనకు వోటు వేస్తానన్నారు. మా అమ్మ మాత్రం ఈ లెక్కలేవీ వినలేదు. ఆమె వోటు ఇందిరమ్మకే. ఇద్దరూ ఒకే రిక్షాలో వెళ్ళి, రెండు గుర్తుల మీద ముద్ర వేసి, అదే రిక్షాలో తిరిగి వచ్చారని పిల్లలు చెప్పారు.

నేను ఆ రోజు ఇంట లేను. ఎన్నికల డ్యూటీ మీద జిల్లాలో ఒక పల్లెలో ఉన్నాను. అప్పటికి రంగారెడ్డి జిల్లా ఇంకా ఏర్పడలేదు, ఆ పల్లెలన్నీ హైదరాబాదు జిల్లాలోనే ఉండేవి. కొద్ది వారాల క్రితం పుట్టిన హస్తం గుర్తు పల్లెలకు ఏం తెలుస్తుందిలే అనుకుంటూ వెళ్ళాం. వేలికి సిరా పూయించుకోవడానికి వచ్చిన ముసలమ్మలు చేయి చాపుతూనే అరచేయి తిప్పి మాకు చూపించి నవ్వేవారు. అలా చూపించకూడదని ప్రిసైడింగు అధికారి గసిరితే, సిరా ఎట్లా పూస్తావు మరి అన్నట్టు చూసేవారు. ప్రభుత్వం, ముఖ్యమంత్రి, జిల్లా పెద్దలు, పార్టీ పాత పేరు ఇన్నీ రెడ్డి కాంగ్రెసు వైపు ఉన్నాయి. ఫలితాల్లో 294 స్థానాలలో ఇందిరా కాంగ్రెసుకు 175, జనతాకు 60, రెడ్డి కాంగ్రెసుకు 30 వచ్చాయి. చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. బ్రహ్మానందరెడ్డి కాంగ్రెసు అధ్యక్ష పదవి వదులుకున్నారు, స్వరణ్‌సింగ్ వచ్చారు. జీవితమంతా కమిటీలూ తీర్మానాలూ నమ్ముకున్న మనిషికి, తీర్మానం తన చేతిలోనే ఉండగా వోటరు చేయి జారిపోయాడు.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెబుతాను, అవి అంత ఉత్సాహం కలిగించేవి కావు. 1979లో చరణ్‌సింగ్ మంత్రివర్గంలో పరిశ్రమల మంత్రిగా కొద్ది నెలలున్నారు. 1980 జనవరి ఎన్నికల నాటికి ఇందిరాగాంధీ వైపు తిరిగి వచ్చి, నరసరావుపేట నుండి మళ్ళీ గెలిచారు. ఆమె మెదక్ నుండి గెలిచారు. తాను బహిష్కరించిన నాయకురాలి వెనుక అదే సభలో కూర్చున్నారు. వెంగళరావుగారు కూడా తరువాత అదే గూటికి చేరారు. రాజకీయాలలో ఇది మామూలేనని మిత్రులంటారు. కావచ్చు. 1975లో సందేహాన్ని మింగిన మనిషి, 1978లో దాన్ని బయటపెట్టి, 1980లో మళ్ళీ మింగాడని నా అభిప్రాయం. ఆ మధ్యలోని రెండేళ్ళకు మాత్రం నేను గౌరవం ఇస్తాను. అధికారం పోయిన నాయకురాలిని ఎదిరించడం తేలికేనని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ ముసలమ్మల అరచేతులు చూసిన వాడు ఆ మాట అనడు.

మా నాన్నగారికి ఆయన తిరిగి వెళ్ళడం పెద్ద దెబ్బ. 1980లో వోటు వేయడానికి వెళ్ళలేదు. 1952 తరువాత ఆయన మానుకున్న ఎన్నిక అదొక్కటే, చివరిది కూడా. 1982లో పోయారు. మా అమ్మ బ్రతికినన్నాళ్ళూ హస్తానికే వేసింది.

బ్రహ్మానందరెడ్డిగారు 1988 నుండి 1990 వరకు మహారాష్ట్ర గవర్నరుగా ఉన్నారు. 1994 మే 20న కన్నుమూశారు. పంజాగుట్ట దాటి బంజారాహిల్స్ ఎక్కితే వచ్చే చిరాన్ ప్యాలెస్ అడవిని 1998లో ఆయన పేరిట జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అప్పుడు రాష్ట్రాన్ని ఏలుతున్నది తెలుగుదేశం. మోకాళ్ళు సహకరించిన రోజుల్లో నేనూ మరో ఇద్దరు పెన్షనర్లూ అక్కడ నడిచేవాళ్ళం. ఒకనాడు గేటు దగ్గర ఒక కుర్రవాడు కె.బి.ఆర్. అంటే ఏదైనా కట్టడాల కంపెనీయా తాతగారూ అని అడిగాడు. కాదు నాయనా, ముఖ్యమంత్రిగా చేశారని చెప్పాను. తక్కిన కథ చెప్పేలోగా అతను పరుగు మొదలుపెట్టాడు.