కార్మికుల పెద్దక్క – అనసూయా సారాభాయ్

పల్లెకు రచ్చబండ ఎటువంటిదో, శ్రామికవాడకు కార్మిక సంఘ భవనం అటువంటిది. కష్టం చెప్పుకోవడానికి, న్యాయం అడగడానికి, నలుగురూ కలసి ఒక నిర్ణయానికి రావడానికి అది వేదిక. అహమ్మదాబాదు బట్టల మిల్లుల కార్మికులకు అటువంటి వేదికను సమకూర్చిన మహనీయురాలు అనసూయా సారాభాయ్. మిల్లు యజమానుల వంశంలో పుట్టి, ఆ మిల్లులలో చెమటోడ్చిన వారి పక్షాన నిలవడం ఆమె విశిష్టత.

అనసూయ 1885 నవంబరు 11న అహమ్మదాబాదులో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, తమ్ముడు అంబాలాల్‌తో పాటు పినతండ్రి సంరక్షణలో పెరిగారు. పదమూడవ ఏట జరిగిన వివాహం నిలవలేదు. తమ్ముని ప్రోత్సాహంతో 1912లో వైద్యవిద్య కోసం ఇంగ్లండు వెళ్లారు. అయితే ఆ చదువులో జంతువులను కోయవలసి రావడం ఆమె జైన సంస్కారానికి సరిపడలేదు. అందుచేత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరి సాంఘిక శాస్త్రాలను అభ్యసించారు. స్త్రీల ఓటుహక్కు కోసం అక్కడ సాగుతున్న ఉద్యమం ఆమెను ఆలోచింపజేసింది.

1913లో స్వదేశానికి వచ్చి, కార్మికుల పిల్లలకు పాఠశాల నెలకొల్పారు. ఒకనాటి ఉదయం కొందరు కార్మికులు జీవచ్ఛవాల వలె తూలుతూ నడచి వెళ్లడం ఆమె కంట పడింది. విచారించగా, వారు విరామం లేకుండా ముప్పైయారు గంటలు పనిచేసి వస్తున్నారని తెలిసింది. ఆ దృశ్యం ఆమె జీవితగమనాన్ని మార్చివేసింది. విద్యాదానం ఒక్కటే చాలదనీ, శ్రామికులు సంఘటితం కావాలనీ ఆమె నిశ్చయించుకున్నారు.

1917లో అహమ్మదాబాదులో ప్లేగు వ్యాపించినపుడు, కార్మికులు ఊరు విడిచి పోకుండా యజమానులు అదనపు భత్యం ఇచ్చారు. వ్యాధి తగ్గగానే దానిని నిలిపివేశారు. ధరలు మాత్రం తగ్గలేదు. నేతపనివారు 50 శాతం పెంపు కోరారు. గాంధీజీ ఇరుపక్షాల పరిస్థితులను పరిశీలించి 35 శాతం న్యాయమని తేల్చగా, యజమానులు 20 శాతానికి మించి ఇవ్వబోమన్నారు. 1918 ఫిబ్రవరిలో మిల్లుల తలుపులు మూతపడ్డాయి. యజమానుల పక్షానికి నాయకుడు అంబాలాల్. కార్మికుల పక్షాన నిలిచినది ఆయన అక్క అనసూయ. పెంచిన మమత ఒకవైపు, నమ్మిన న్యాయం మరొకవైపు. ఆమె న్యాయాన్ని వరించారు. తమ్ముని పట్ల ప్రేమను మాత్రం విడువలేదు.

అప్పటికి కార్మికులకు తమదైన గూడు లేదు. సబర్మతీ తీరాన ఒక తుమ్మచెట్టు నీడే వారి సభాస్థలి. ప్రతిదినం అక్కడ చేరి, కరపత్రాలు విని, తమ ప్రతిజ్ఞను మననం చేసుకునేవారు. ఆకలి వారి పట్టుదలను సడలించసాగింది. అపుడు మార్చి 15న గాంధీజీ నిరాహారదీక్ష పూనగా, మూడవనాటికి ఒప్పందం కుదిరింది. మధ్యవర్తిగా నియమితులైన ఆనందశంకర ధ్రువ చివరకు 35 శాతం పెంపునే సమర్థించారు.

విజయం లభించినా, చెట్టునీడ శాశ్వతం కాదని అనసూయ గ్రహించారు. సమ్మె ముగిసిన పిమ్మట కార్మికుడు మరల ఒంటరివాడు కాకూడదు. 1920 ఫిబ్రవరి 25న మీర్జాపూర్‌లోని ఆమె నివాసంలోనే మజూర్ మహాజన్ సంఘం అవతరించింది. గుజరాతులో మహాజన్ అనేది వర్తక శ్రేణులకు చెందిన గౌరవనామం. ఆ పేరు కూలివానికి దక్కడమే ఒక సామాజిక పరిణామం. ఆనాడు మిల్లులలో పనులు సైతం కులమతాలను బట్టి విభజింపబడి ఉండేవి. నూలు వడికే విభాగంలో అధికులు దళితులు. మగ్గాల వద్ద వారికి చోటు లేదు. వృత్తుల వారీగా ఏర్పడిన సంఘాల ప్రతినిధులు మజూర్ మహాజన్‌లో ఒకే సభలో ఆసీనులై చర్చించుకున్నారు. మిల్లులో ఎడబాటు సంపూర్ణంగా తొలగకపోయినా, సంఘంలో వారి మాటకు విలువ లభించింది.

తగ్గించిన కూలి, అధికారుల దుర్భాష, అన్యాయపు జరిమానా వంటి ఫిర్యాదులను నమోదు చేసి విచారించే ఏర్పాటు అక్కడ ఉండేది. పరిష్కారం కాని వివాదాలు మధ్యవర్తుల ముందుకు వెళ్లేవి. క్రమంగా పాఠశాలలు, వైద్యశాల, పఠన మందిరాలు, సహకార పరపతి సంఘాలు వెలిశాయి. వడ్డీవ్యాపారి గడప తొక్కవలసిన కార్మికునికి సంఘం గడప అండగా నిలిచింది. అనసూయను వారు ఆప్యాయంగా మోటాబెన్, అనగా పెద్దక్క అని పిలుచుకున్నారు.

సంఘం మహిళా విభాగంలో పనిచేసిన ఇలా భట్ 1972లో సేవా సంస్థను స్థాపించి, ఏ మిల్లులోనూ పేరు లేని బరువులు మోసే స్త్రీలను, చిరువ్యాపారినులను సంఘటితం చేశారు. అదే సంవత్సరం నవంబరు 1న అనసూయ తనువు చాలించారు. 1980 దశకంలో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడి, మజూర్ మహాజన్ ప్రాభవం తగ్గింది. అయినా ఆమె జీవితం చాటిన సత్యం మాసిపోలేదు. పెరిగిన కూలి ధరలు పెరగగానే కరిగిపోతుంది. కూర్చుని మాట్లాడుకునే చోటు ఉన్నవారు మాత్రం దానిని మరల సాధించుకోగలరు. తన ఇంటి ముంగిలిని అటువంటి చోటుగా మార్చిన త్యాగశీలి అనసూయా సారాభాయ్.