82 రోజుల గాయం: డాక్టర్ దివాన్ సింగ్ కథ

డిగ్నాబాద్ (శ్రీ విజయపురం): సెల్యులర్ జైలు అనగానే మనకు బ్రిటిష్ వాళ్లు, సంకెళ్లు, నూనె గానుగలే గుర్తొస్తాయి. మొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఈ ఊళ్లో, డిగ్నాబాద్ నుంచి ఆ జైలు ఎంతో దూరం కాదు. అదే జైల్లో జపాన్ సైన్యం చేతిలో నలిగి చనిపోయిన డాక్టర్ దివాన్ సింగ్ పేరు పంజాబ్‌లో అందరికీ తెలుసు. తెలుగునాట తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన 1897లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్ జిల్లాలో పుట్టారు. ఆగ్రాలో వైద్యం చదివి సైన్యంలో డాక్టర్‌గా చేరారు. జాతీయోద్యమం వైపు మొగ్గు చూపడంతో అధికారుల దృష్టిలో పడ్డారు. 1927లో అండమాన్‌కు బదిలీ అయ్యారు. ఇక్కడ వైద్యం చేస్తూనే కవిత్వం రాశారు. ఛందస్సును పక్కన పెట్టి వచన కవితలు రాసిన తొలి తరం పంజాబీ కవుల్లో ఆయన ఒకరు. 1938లో ఆయన కవితా సంపుటి 'వగ్దే పాణీ' వచ్చింది. దీవుల పేరే ఇంటిపేరులా మారి 'కాలేపానీ' అయింది.

1942 మార్చి 23న జపాన్ సేనలు దీవుల్లో దిగాయి. స్థానిక ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కు దివాన్ సింగ్ నాయకత్వం వహించారు. జనానికీ, సైన్యానికీ మధ్య నిలబడి మాట్లాడాల్సిన పని అది. సైనికుల కోసం తెచ్చిన కొరియా మహిళలను ఉంచడానికి గురుద్వారా ఇవ్వమంటే ఆయన ఒప్పుకోలేదని జీవిత చరిత్రకారులు చెబుతారు. 1943 అక్టోబర్‌లో బ్రిటిష్ గూఢచారి అన్న అనుమానంతో ఆయన్ను అరెస్ట్ చేశారు.

ఆ తర్వాత 82 రోజులు చిత్రహింసలు. అవి ఆయన ఒంటికి ఏం చేసి ఉంటాయో అర్థం కావాలంటే, గాయం ఎలా మానుతుందో తెలియాలి.

చర్మం ఒంటికి కోటగోడ లాంటిది. అది తెగితే శరీరమే బాగు చేసుకుంటుంది. ముందు రక్తం గడ్డకడుతుంది, తర్వాత వాపు వస్తుంది, ఆ తర్వాత కొత్త కండ, దాని మీద కొత్త చర్మం. డాక్టర్ చేసేది ఆ పనికి అడ్డం తీయడమే. రక్తం ఆపాలి. మట్టీ మురికీ పోయేలా బాగా కడగాలి. చచ్చిన కండను కోసి తీసేయాలి. శుభ్రమైన కొత్త గాయానికి వెంటనే కుట్లు వేయొచ్చు. మురికి పట్టిన గాయాన్ని కుట్టేస్తే లోపల చీము పడుతుంది. కట్టు కట్టి వదిలేసి, కొన్ని రోజుల తర్వాత బాగుంటే అప్పుడు కుట్టాలి. మొదటి ప్రపంచ యుద్ధం సైనిక వైద్యులకు నేర్పిన పాఠం ఇది. అప్పటికి పెన్సిలిన్ ఎక్కువగా మిత్రపక్షాల సైన్యాలకే పరిమితం కాబట్టి, ఈ శుభ్రతే అసలు మందు.

దాంతోపాటు మూడు కావాలి: కడుపునిండా తిండి, నిద్ర, దెబ్బ తగిలిన చోట మళ్లీ దెబ్బ తగలకపోవడం. మాంసకృత్తులు, సి విటమిన్ అందకపోతే కొత్త కండ పట్టదు. చిత్రహింస ఈ మూడింటినీ లాగేసుకుంటుంది. మానుతున్న చోటే మళ్లీ పగలగొడుతుంది. ఇదంతా వైద్యుడైన దివాన్ సింగ్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసి కూడా ఏమీ చేసుకోలేని స్థితి ఆయనది.

1943 డిసెంబర్ చివర్లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. జెండా ఎగరేశారు. సెల్యులర్ జైలు చూశారు. దివాన్ సింగ్ అప్పుడు అదే జైల్లో ఉన్నారు. ఇద్దరూ కలవలేదు. రెండు వారాలకు, 1944 జనవరి 14న ఆయన చనిపోయారు. వయసు 46. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో మరో 44 మందిని గూఢచారులంటూ కాల్చి చంపారు.

ఈ ఊళ్లో ఇప్పుడు ఆయన పేరు మీద గురుద్వారా ఉంది. జైలు చూడటానికి వచ్చేవాళ్లు బ్రిటిష్ కాలం కథలు విని వెళ్తారు. ఆ గోడల మధ్య స్వాతంత్ర్యం తెస్తామన్నవాళ్లే పెట్టిన గాయాలు కూడా ఉన్నాయి. వాటిని కప్పేసి కుట్టేస్తే మానవు. తెరిచి చూడాల్సిందే.