కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

ఎన్‌సైక్లోపీడియా యను మాట గ్రీకు భాషనుండి పుట్టినది. అందు ఎంకుక్లియోస్ అనగా వలయాకారమైనది, పైదేయా అనగా విద్య. పౌరులెల్లరును ఎరుగదగిన విద్యల మండలమని మూలార్థము. కాలక్రమమున ఆ రెండు మాటలు ఒకటై సకల విషయములను సంగ్రహించు గ్రంథమునకు పేరయ్యెను. అట్టి గ్రంథమును ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమను పేర తెనుగువారికి సమకూర్ప పూనుకొనిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

వీరు 1877లో కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తండ్రి గతింపగా, అక్క భండారు అచ్చమాంబగారి అండన నాగపురమున చదువుకొనిరి. పిమ్మట మునగాల సంస్థానమున దివానుగా పనిచేయుచు, కొలువుతోబాటు భాషాసేవయు సాగించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకును, 1906లో విజ్ఞానచంద్రికామండలి ఏర్పడుటకును వీరు ముఖ్యులు. మండలి వలన చరిత్ర, శాస్త్ర గ్రంథములు సామాన్యుల చేతికి అందెను.

సర్వస్వమును అకారాదిగా ఆరంభించి, పెక్కు వ్యాసములను స్వయముగా రచించిరి. మూడు సంపుటములు వెలువడెను. ఆ మూడును 'అ' అను అక్షరమునకే సరిపోయెను. 1923లో, నలుబది యారేండ్ల ప్రాయమున, పంతులుగారు పరమపదించిరి. వర్ణమాలలో తొలి మెట్టుకడనే పని నిలిచిపోయెను.

అయినను అది వ్యర్థము కాలేదు. తదనంతరము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. విద్యామండలము ఏ యొక్కని జీవితమునను పూర్తి కాదు; ఒకరు విడిచినచోట మరియొకరు అందుకొనవలసినదే. గ్రంథాలయమున పుస్తకము తెరచు ప్రతి పాఠకుడును ఆ వలయమును కొంత ముందునకు సాగించువాడే.