ఈమ్ గ్రామ గురువు విలియము మాంపెసన్ గారు

ఇంగ్లండు దేశమునందు డార్బీషైరు మండలములో, కొండల నడుమ ఈమ్ అను గ్రామము గలదు. అచ్చటికి పోయినవారికి చూపబడునవి రాజభవనములు కావు. ఊరికి పైన నొక నీటి ఊట, ఆరు గుంటలు గల యొక రాయి, పొలములో గోడ కట్టిన యేడు సమాధులు, దేవాలయపు ఆవరణలో నొక యువతి సమాధి. వీని కథయే ఆ యూరి గురువగు విలియము మాంపెసన్ గారి కథ.

కేంబ్రిడ్జిలో చదివిన మాంపెసన్ గారు 1664వ సంవత్సరమున భార్యయగు కేథరిన్‌తోను ఇద్దరు బిడ్డలతోను ఈమునకు వచ్చిరి. అప్పటి కాయనకు ముప్పది యేండ్లు నిండలేదు. గ్రామస్థులలో చాలమంది మనస్సు పూర్వపు గురువగు థామస్ స్టాన్లీ గారి మీదనే యుండెను. ఆయన 1662 నాటి ఆరాధనా చట్టమునకు లోబడక పదవి పోగొట్టుకొనిన ప్యూరిటను. అట్టి యూరిలో క్రొత్తవాని మాట యెవరు విందురు?

1665 సెప్టెంబరులో లండను నుండి దర్జీ యింటికి బట్టల మూట యొకటి వచ్చెను. తడిసియున్న ఆ బట్టలను జార్జి వికర్స్ అను పనివాడు నిప్పుకడ నారవేసెను. కొద్ది దినములలోనే, 7వ తేదీన, వాడు మరణించెను. అది ప్లేగు. ఎలుకలవలనను వాని మీది గోమారులవలనను ఈ వ్యాధి వచ్చునని నాడెవరికిని తెలియదు. దాని క్రిమిని యెర్సిన్ 1894లో హాంకాంగులో కనుగొనెను. గోమారుల సంగతి 1898లో కరాచీలో సీమాండ్ తేల్చెను.

చలికాలములో తగ్గిన వ్యాధి 1666 వేసవిలో మరల చెలరేగెను. కలవారు కొందరు ముందే వెళ్లిపోయిరి. మిగిలినవారును పారిపోయినచో చుట్టుపట్ల ఊళ్లన్నియు పాడగునని మాంపెసన్ గారు గ్రహించి, తన స్థానమునకు పోటీయని తలపదగిన స్టాన్లీ గారి సహాయమునే కోరిరి. అభిమానములు ప్రక్కకు బెట్టి గురువులిద్దరును కలసి నిలిచి చెప్పగా, గ్రామస్థులు ఊరి యెల్ల దాటమని జూన్ నెలలో నొప్పుకొనిరి. దేవాలయము మూయబడెను. కక్లెట్ లోయలో, ఆరుబయట, కుటుంబములు ఎడమెడముగా నిలిచి ప్రార్థించుచుండిరి. ఎవరి మృతులను వారే పాతిపెట్టుకొనవలెను. చాట్సువర్తులోని డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపించెను. పొరుగువారు తెచ్చిన సరకులు ఊట యొద్దను ఎల్లరాతి యొద్దను దింపబడెను. రాతి గుంటలలో చిరక పోసి, అందులో వెల నాణెములు వేసెడివారు.

ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ అను తల్లి ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పూడ్చెను. అదే నెల 25వ తేదీన కేథరిన్ కన్నుమూసెను. బిడ్డలను ముందుగా యార్కుషైరుకు పంపినప్పుడు, ఆమె తాను పోనని భర్త యొద్దనే నిలిచియుండెను.

నవంబరు నాటికి వ్యాధి శమించెను. సుమారు 260 మంది మృతులైరి. ఎల్ల మూయుటచే ఊరిలోపల చావులు హెచ్చినవని నేటి చరిత్రకారులు కొందరందురు. గురువు తన బిడ్డలను దాటించి ఇతరుల బిడ్డలను నిలిపెననియు నిందింతురు. ఆ నింద బొత్తిగా నిరాధారమని చెప్పజాలము. అయినను ఆయన తాను కదలలేదు, చుట్టుపట్ల గ్రామములకు వ్యాధి ప్రాకలేదు.

కొన్ని యేండ్లకు ఆయన సుమారు 30 మైళ్ల దూరముననున్న ఈక్రింగుకు గురువుగా వెళ్లిరి. ప్లేగు ఊరినుండి వచ్చిన మనుష్యుడని అచ్చటివారు భయపడి చేరనీయకపోగా, కొంతకాలము రఫర్డు వనములో గుడిసెలో నివసించిరని చెప్పుదురు. క్రమముగా ఆ భయము తీరెను. తరువాత ఆయన మరల వివాహమాడిరి. లింకను దేవాలయపు పెద్ద పదవి లభింపగా వలదనిరి. 1709లో ఈక్రింగులోనే మరణించిరి.

కేథరిన్ సమాధి మాత్రము ఈము దేవాలయపు ఆవరణలో, ప్రాచీన శిలాసిలువకు సమీపమున నున్నది. ఏటేట ఆగస్టు కడపటి ఆదివారమున గ్రామస్థులు కక్లెట్ లోయలో ఆరాధనకు కూడుదురు.