మాట లేకున్నా మాట చెల్లిన ఊమైదురై

నాలుగు గడ్డిపరకలు. ఒక అరచెయ్యి. నోటితో ఝుయ్‌మని ఓ చప్పుడు... అంతే, దాడి మొదలు! 1801లో పాంచాలంకురిచ్చి కోటలో యుద్ధానికి ఉత్తర్వు వెలువడిన తీరిది. ఇచ్చినాయన నోట మాట లేదు. అయినా ఆయన చెయ్యి కదిలితే చాలు, వందలమంది ప్రాణాలకు తెగించి ఉరికేవారు.

ఆయనే వీరపాండ్య కట్టబొమ్మన్ తమ్ముడు కుమారస్వామి. లోకానికి ఊమైదురై. ఊమై అంటే మూగ, దురై అంటే దొర. కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో నేటికీ తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్ల ఇంటి బిడ్డ. ఆ ఇంటి ఇలవేల్పు జక్కమ్మ.

అన్న ఉరి... తమ్ముడి చెర

కప్పం విషయంలో ఈస్టిండియా కంపెనీతో వచ్చిన తగవు ముదిరి 1799లో యుద్ధమైంది. కోట పోయింది. కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న కయత్తారులో అక్టోబరు 16న కట్టబొమ్మన్‌ను ఉరితీశారు. ఊమైదురైని పాళయంకోట జైల్లో పెట్టారు. కోటను నేలమట్టం చేశారు. ఇక అంతా అయిపోయిందనుకున్నారు తెల్లదొరలు.

అవలేదు. 1801 ఫిబ్రవరి 2న అనుచరులు కాపలావాళ్ల మీద పడి ఆయనను విడిపించుకుపోయారు. సుమారు ముప్పై మైళ్ల దూరంలోని పాంచాలంకురిచ్చికి చేరారు. వారం తిరిగి కంపెనీ సైన్యం వచ్చి చూస్తే, కూల్చిన చోటే మట్టికోట మళ్లీ లేచి నిలబడి ఉంది!

సైగే శాసనం

ఆ యుద్ధంలో పాల్గొన్న కంపెనీ అధికారి జేమ్స్ వెల్ష్ 1830లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో ఈ మూగదొర గురించి రాశాడు. చూస్తే పొడవుగా, సన్నగా, జబ్బుమనిషిలా ఉండే కుర్రాడట. కానీ ఆయన లేనిదే ఏ సమాలోచనా జరిగేది కాదు. గడ్డిపరకలు ఏరి ఎడమ అరచేతిలో పేర్చేవాడు. అవి ఇంగ్లీషు దండు. ఎప్పుడు, ఎలా అన్నది సైగలతో చూపి, రెండో చేత్తో వాటిని ఒక్క ఊపున తుడిచేసేవాడు. ఆ వెంటనే నోటితో చప్పుడు. చెప్పి ఊరుకోవడం కాదు, అందరికంటే ముందు తానే దూకేవాడు.

గుట్టంతా ఇక్కడే ఉంది. బీఈడీ పిల్లలు మనస్తత్వశాస్త్రంలో ప్రేరణ, అనుకరణ, మాటల్లేని సంభాషణ అని వేర్వేరు పాఠాలుగా చదువుకుంటారు. మనిషి చెప్పింది విని నేర్చేదానికన్నా, చేసింది చూసి నేర్చేది తక్కువేమీ కాదని ఆల్బర్ట్ బండూరా 1960ల్లో ప్రయోగాలు చేసి చూపాడు. ఊమైదురై మనుషులకు అది అనుభవం. కలిసి బతికినవాళ్లకు సైగ చాలు. ముందు నడిచేవాడుంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. జీతంకోసం పోరాడేవాడికీ, తనవాడనుకుని పోరాడేవాడికీ తేడా కోట గోడల దగ్గర తేలింది. మార్చి 31న కంపెనీ సేన దాడి చేసి, భారీ నష్టంతో వెనక్కి తగ్గింది.

అమ్మలు కాచిన ప్రాణం

అదనపు బలగాలతో వచ్చిన కర్నల్ ఆగ్న్యూ మే 24న కోటను పట్టుకున్నాడు. పొలాల్లో శవాల గుట్టలు. వెల్ష్ రాసిన ప్రకారం, కొడుకుకోసం వెతుక్కుంటూ వచ్చిన ఓ తల్లికి కొనఊపిరితో ఉన్న బిడ్డ దొరికాడు. తనను వదిలేసి, పక్కనే గాయపడి ఉన్న దొరను కాపాడమన్నాడా కొడుకు. ఆ తల్లి కడుపుకోత దిగమింగి దొరను ఊళ్లోకి చేర్పించింది.

కంపెనీ పక్షాన ఉన్న ఎట్టయపురం మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. ఆ పాలెగాళ్లూ తెలుగువాళ్లే! ఆడవాళ్లు ఆయన మీద గుడ్డ కప్పి, అమ్మవారు పోసి చచ్చిపోయాడని గొల్లుమన్నారు. వచ్చినవాళ్లు భయపడి పారిపోయారు. మాటరాని దొరను అబద్ధపు ఏడుపు కాపాడింది.

కోలుకున్న ఊమైదురై శివగంగ మరుదు సోదరులతో చేతులు కలిపారు. అక్టోబరు 1న కాళయార్‌కోవిల్ పడిపోయింది. ఆ తర్వాత ఆయన దొరికిపోయారు. 1801 నవంబరు 16న పాంచాలంకురిచ్చిలోనే ఉరితీశారు.

ఒట్టపిడారం దగ్గర తమిళనాడు ప్రభుత్వం 1974లో కట్టిన స్మారక కోట ఉంది. అక్కడికి వెళ్లే తల్లిదండ్రులు పిల్లలకు కట్టబొమ్మన్ డైలాగులు నేర్పుతారు. తమ్ముడి దగ్గర వల్లించడానికి డైలాగుల్లేవు. నాలుగు గడ్డిపరకలున్నాయి. వాటినైనా మనకు మిగిల్చింది శత్రువు కలమే!