విజయనగరం విజ్జీ: కొన్న కీర్తి, కొనరాని కీర్తి

కర్నూలు ఎండకు మా కళాశాల ఆటస్థలంలో గడ్డి నిలువదు. గట్టినేల మీద కొబ్బరినార చాప పరచి, నాలుగు మూలల మేకులు కొట్టి, దాని మీదనే మా విద్యార్థులు క్రికెట్ సాధన చేస్తారు. అటువంటి జట్టు ఈ సంవత్సరం కడపలో జరిగిన పోటీలలో తుది ఆటవరకు వెళ్ళి, అక్కడ ఓడి తిరిగివచ్చింది. గెలిచిన కళాశాల పేరు ఇక్కడ అనవసరం. ఆ జట్టులో సగం మంది ఆటకోసమే ఎక్కడెక్కడినుండో చేర్చుకొనబడినవారని, వారికి ఫీజు రాయితీలు, బ్యాట్లు, భోజన వసతులు ముందే కుదిరినవని మా వారికి తెలిసింది. తిరుగు ప్రయాణంలో మైదుకూరు దాటినప్పటినుండి నంద్యాల వచ్చేవరకు బస్సులో ఒకటే వాదన. అది గెలుపా, కొనుగోలా అని ఒక పక్షం. కొన్నవాడైనా ఆడి గెలువవలసినదే గదా అని మరొక పక్షం. ఉర్దూ విభాగపు విద్యార్థులు, తెలుగు విభాగపు విద్యార్థులు రెండు పక్షాలలోనూ కలిసిపోయి ఉన్నారు. అధ్యాపకులమైన మేమూ రెండుగా చీలిపోయినాము.

ఈ వాదన క్రొత్తది కాదు. ఐ.పి.ఎల్. వేలం మొదలైన 2008లో హైదరాబాదు జట్టు దక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు తీసుకొన్నది. ఆ ఏడు ఎనిమిది జట్లలో ఎనిమిదవ స్థానంలో నిలిచింది. మరుసటి సంవత్సరం 2009లో అదే జట్టు విజేత అయినది. మొదటి ఏడు డబ్బు ఎందుకు గెలువలేదు? రెండవ ఏడు గెలిచినది డబ్బేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుచుండగా మాకు ఒక తెలుగు రాజకుమారుని జీవితం గుర్తుకు వచ్చినది. వేలంపాటలు పుట్టడానికి ఎనభై ఏండ్లకు ముందే క్రికెట్ జట్టును ధనంతో నిర్మించిన వ్యక్తి ఆయన. విజ్జీ అని లోకం పిలిచిన విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు జీవితాన్ని మా విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విజ్జీ 1905 డిసెంబరు 28న విజయనగరం పూసపాటి రాజవంశంలో జన్మించారు. తండ్రి విజయరామ గజపతిరాజు. విజ్జీ రెండవ కుమారుడు గనుక సింహాసనం ఆయనది కాదు. 1922లో తండ్రి తరువాత అన్నగారు అలక నారాయణ గజపతిరాజు సంస్థానాధిపతి అయినారు. తమ్ముడు కాశీలో ఉన్న కుటుంబపు ఆస్తుల వద్దకు వెళ్ళి స్థిరపడినారు. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోని హెయిలీబరీలోను చదువు సాగినది. టెన్నిసు, వేట, క్రికెట్టు ఆయన అభిరుచులు. పుట్టుకతో దక్కని పెద్దరికాన్ని మరొక విధంగా సంపాదించవలెనన్న తపన ఆయనలో బలంగా ఉండినదని ఆయన జీవితం మొత్తం చూచినవారికి తోచక మానదు. ఆ తపనకు దొరికిన మార్గం క్రికెట్టు.

1926లో ఆయన సొంత జట్టు నొకదానిని సమకూర్చి, కాశీలోని తమ భవన ప్రాంగణంలోనే మైదానం కట్టించారు. దేశం నలుమూలలనుండి, విదేశాలనుండి కూడ ఆటగాండ్రను రప్పించారు. 1930-31లో ఇంగ్లండు ఎం.సి.సి. జట్టు భారతదేశానికి రావలసి ఉండగా, స్వాతంత్ర్యోద్యమపు ఉద్ధృతి వలన ఆ పర్యటన ఆగిపోయినది. అప్పుడు విజ్జీ ఆ లోటు తానే తీర్చదలచి, తన జట్టుతో భారతదేశంలోను, సింహళంలోను పర్యటించారు. ఆ జట్టులో ఆడినవారు సామాన్యులు కారు. ప్రపంచంలోనే గొప్ప ప్రారంభ జంటగా పేరు పొందిన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఇద్దరినీ ఆయన రప్పించగలిగినారు. హాబ్స్‌కు అప్పటికి 48 ఏండ్లు. కొన్నేళ్ళ తరువాత వెస్టిండీసు వీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడ తీసికొనివచ్చారు.

ఇక్కడ మా విద్యార్థులు గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. ఆ పర్యటనలో హాబ్స్ చేసిన రెండు శతకాలను ప్రథమశ్రేణి ఆటలలో చేర్చవలెనా, వద్దా అనే వివాదం నేటికీ తెగలేదు. చేర్చినవారికి ఆయన శతకాలు 199. చేర్చనివారికి 197. హాబ్స్ తాను వాటిని లెక్కలోనికి తీసుకొనలేదు. రెండు వందలకు ఒక్కటే తక్కువ అనిపించుకొనే అవకాశాన్ని ఆయన తానుగా వదలుకొన్నారు. ధనవంతుని ఆతిథ్యంలో ఆడిన ఆటకు, లెక్కకు వచ్చే ఆటకు మధ్య గీత ఎక్కడ గీయవలెనో ఆ పెద్దమనిషికి తెలుసు.

అయితే విజ్జీ ధనమంతా వృథా అని మేము చెప్పబోవడం లేదు. ఇందూరుకు చెందిన సయ్యద్ ముస్తాక్ అలీ అనే పాఠశాల బాలుని కాశీకి రప్పించి తర్ఫీదు ఇప్పించినది ఆయనే. 1932లో భారత జట్టు మొట్టమొదటి టెస్టు ఆడుటకు ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చినప్పుడు, అప్పుడప్పుడే పుట్టిన క్రికెట్ బోర్డుకు 50 వేల రూపాయలు ఇచ్చినదీ ఆయనే. ఆ రోజులలో అది చిన్న మొత్తం కాదు. ఆ పర్యటనకు ఆయనను ఉపనాయకునికి ఉపనాయకునిగా నియమించారు. ఆ పదవి తన దానానికి తగినది కాదనిపించినదో ఏమో, ఆరోగ్యం, ఆటతీరు కారణాలుగా చూపి ఆయన తప్పుకొన్నారు. పోరుబందరు మహారాజు పేరుకు నాయకుడై వెళ్ళి, తన ఆట పరిమితి తాను గుర్తెరిగి, లార్డ్స్ టెస్టులో నాయకత్వాన్ని మన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు చేతిలో పెట్టినారు. రాజు పక్కకు జరిగితే ఆట ముందుకు వచ్చినది. ఈ పాఠం విజ్జీ నేర్చుకొని ఉంటే ఆయన చరిత్ర వేరుగా ఉండెడిది.

1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వాన ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చినప్పుడు, కాశీలో విజ్జీ జట్టు దానిని 14 పరుగుల తేడాతో ఓడించినది. ఆ పర్యటనలో జార్డిన్ జట్టు ఈ దేశంలో చవిచూచిన ఓటమి అదొక్కటే. ఆ విజయం కొన్నదా? ఆటగాండ్రను పిలిచినది, పోషించినది ధనమే. కాని బంతి వేసినది, వికెట్టు పడగొట్టినది, చివరి పరుగువరకు గుండె నిబ్బరంతో నిలిచినది ఆటగాండ్రు. ఈ మేరకు మా బస్సులోని రెండవ పక్షం వాదం సరియైనదే.

చిక్కు తరువాత వచ్చినది. 1936 ఇంగ్లండు పర్యటనకు మొదట నాయకునిగా ఎన్నికైన పటౌడీ నవాబు తప్పుకోగా, విజ్జీ నాయకుడైనారు. సి.కె. నాయుడు వంటి అనుభవజ్ఞుడు జట్టులో ఉండగానే ఇది జరిగినది. ఆటలో ఆయన స్థాయి ఆ పదవికి చాలదని ఆనాటివారందరికీ తెలుసు. 36 పెట్టెల సామానుతో, ఇద్దరు సేవకులతో ఆయన ఓడ ఎక్కినట్లు చెబుతారు. జట్టు రెండు ముఠాలుగా చీలినది. మెప్పు పొందినవారికి కానుకలు, ఎదురు చెప్పినవారికి చీవాట్లు. ప్రత్యర్థి కౌంటీ నాయకుడు ఒకరు విజ్జీనుండి బంగారు గడియారం కానుకగా పొంది సులువైన బంతులు వేయించాడన్న కథ కూడ ప్రచారంలో ఉన్నది. కథ నిజమో కాదో గాని, అటువంటి కథ పుట్టుటకు తగిన జీవితం గడపడమే ఒక దురదృష్టం.

భారతదేశం తరఫున మొట్టమొదటి టెస్టు శతకం 1933లో సాధించిన లాలా అమర్‌నాథ్ ఆ పర్యటనలో ఎసెక్స్ జట్టుపై ఒకే ఆటలో రెండు శతకాలు చేసి ఉన్నారు. మైనర్ కౌంటీల జట్టుతో ఆటలో ఆయనను ప్యాడ్లు కట్టించి కూర్చుండబెట్టి, ఇతరులను ఒకరి తరువాత ఒకరిని ముందుకు పంపినారు. ఆ అవమానానికి ఆయన కోపంతో మాటలాడినారు. మొదటి టెస్టుకు ముందే ఆయనను స్వదేశానికి త్రిప్పి పంపివేసినారు. ఆ టెస్టులో, జూన్ చివర లార్డ్స్‌లో, మన జట్టు 147 పరుగులు చేసి, ఇంగ్లండును 134కే ఆపినది. ఆధిక్యం మనదే. రెండవ ఇన్నింగ్సులో మనవారు 93కే కుప్పకూలి, 9 వికెట్ల తేడాతో ఓడినారు. ఆ రోజున అమర్‌నాథ్ ఉండి ఉంటే అన్న ప్రశ్న నేటికీ ప్రశ్నగానే ఉన్నది.

రెండవ టెస్టు జులైలో మాంచెస్టరులో. 368 పరుగుల వెనుకబాటుతో మరల బ్యాటింగుకు దిగిన జట్టుకు విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించారు. ముస్తాక్ అలీ 112, మర్చంట్ 114. విదేశీ గడ్డపై భారతీయుడు చేసిన మొదటి టెస్టు శతకం ముస్తాక్ అలీది. ఆట సమానంగా ముగిసినది. మర్చంట్‌ను పరుగు మధ్యలో ఔట్ చేయించవలసిందిగా నాయకుడు ముస్తాక్‌కు చెప్పాడని, ముస్తాక్ ఆ సంగతి మర్చంట్‌కే చెప్పి నవ్వుకొన్నాడని క్రికెట్ చరిత్రలో విస్తారంగా చెప్పుకొనే కథ. కాశీలో అన్నం పెట్టి ఆట నేర్పించిన చేతికి ఆ యువకుడు కృతజ్ఞుడే. కాని కృతజ్ఞత ఒకటి, అమ్ముడుపోవడం వేరొకటి అని ఆయన బ్యాటు ఆనాడు చాటినది. దేశవాళీ ఇరవై ఓవర్ల పోటీకి నేడు ఆయన పేరు పెట్టుకొన్నాము.

మూడు టెస్టులలో రెండు ఓడి, ఒకటి సమానం చేసుకొని జట్టు తిరిగివచ్చినది. ఆరు ఇన్నింగ్సులలో విజ్జీ చేసిన పరుగులు మొత్తం 33. ఆ పర్యటన మధ్యలోనే ఆయనకు సర్ బిరుదు లభించినది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి జాన్ బోమాంట్ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడి, 1937 జనవరిలో నివేదిక నిచ్చినది. ఫీల్డర్లను ఎక్కడ నిలుపవలెనో, బౌలర్లను ఎప్పుడు మార్చవలెనో తెలియని నాయకత్వమని అది తేల్చినది. అమర్‌నాథ్‌కు తగిలించిన నింద తొలగినది. టెస్టు క్రికెట్టులో విజ్జీ మరల కనిపించలేదు.

ఇక్కడితో కథ ముగించితే అది అన్యాయమౌతుంది. స్వాతంత్ర్యం రానున్న 1947 జులైలో ఆయన సర్ బిరుదాన్ని వదలుకొన్నారు. 1954లో భారత క్రికెట్ బోర్డు అధ్యక్షులైనారు. ఆయన పెద్దరికం వహించిన ఉత్తరప్రదేశ్ జట్టుకు 1956-57లో 61 ఏండ్ల వయస్సున నాయకత్వం వహించినది మరెవరో కాదు, సి.కె. నాయుడే. 1936లో ఏ మహానుభావునికి దక్కవలసిన స్థానాన్ని తాను ఆక్రమించారో, ఆయనకే ఇరవై ఏండ్ల తరువాత ఆ స్థానం విజ్జీ నీడలోనే దక్కినది. 1958లో పద్మభూషణ్ లభించినది. రేడియోలో ఆట వ్యాఖ్యానం చెప్పారు. 1962లో విశాఖపట్నంనుండి లోక్‌సభకు ఎన్నికైనారు. 1965 డిసెంబరు 2న కాశీలో మరణించారు. విశ్వవిద్యాలయాల మండల జట్లు ఆడే పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉన్నది. ఆయన ఆడిన పరుగులు నిలువలేదు. ఇతరులు ఆడుటకు ఆయన కల్పించిన తావు నిలిచినది.

వెల వేరు, విలువ వేరు. ఉర్దూలో ఖీమత్ ఒకటి, ఖదర్ వేరొకటి. ధనం మైదానాన్ని కొనగలదు, బ్యాటును కొనగలదు, ఆటగాని భోజనాన్ని, ప్రయాణాన్ని, తర్ఫీదును కొనగలదు. ఇవి కొనుట తప్పు కాదు. పేద బిడ్డ ఆడవలెనంటే ఎవరో ఒకరు కొనవలసినదే. ధనం కొనరానిది నాయకుని స్థానం ఒక్కటే. ఆ స్థానం అమ్ముడుపోయిన నాడు తక్కినవన్నీ ఉండియు లేనట్లే.

ఈ మాట మేము ఊరక వ్రాయడం లేదు. కడప ఓటమి తరువాత మా జట్టుకు కావలసిన ఖర్చంతా భరించెదనని ఒక శ్రేయోభిలాషి ముందుకు వచ్చారు. చాప, వలలు, బంతులు, ప్రయాణపు ఖర్చులు, అన్నీ. బదులుగా తమ అబ్బాయికి నాయకత్వం ఇవ్వవలెనని మాత్రం కోరారు. అబ్బాయి మంచివాడే. జట్టులో పదకొండవవానిగా కూడ నిలువడేమో. మా ప్రస్తుత నాయకుడు సెలవుదినాలలో తండ్రితో పాటు పండ్ల బండి నడిపే విద్యార్థి. ఆ దాతను కూర్చుండబెట్టి, పైన వ్రాసిన జీవితాన్నంతా మేము ఆయనకు చెప్పినాము. ఆయన విని, టీ త్రాగి, మారు మాటాడక లేచి వెళ్ళినారు. ధనం పోయినదనే అనుకొన్నాము. మా కుర్రవాళ్ళలో కొందరు మమ్ములను నిందించినారు కూడ.

పది దినముల తరువాత ఒక ఆటోలో క్రొత్త కొబ్బరినార చాప వచ్చినది. దానితో ఉత్తరం గాని, షరతు గాని రాలేదు. ఆ సాయంకాలం దానిని పరచి మేకులు కొట్టినవారిలో ఆ దాత కుమారుడు కూడ ఉన్నాడు. వచ్చే సంవత్సరం మా జట్టు కడపలో గెలుచునో, ఓడునో మేము చెప్పలేము. గెలిచినచో మాత్రం, అది కొన్న గెలుపా అని బస్సులో ఎవరూ అడుగవలసిన పని ఉండదు.